తెల్ల పట్టీ అర

ఆసుపత్రిలో ఆమెను అందరూ రికార్డక్క అనేవాళ్ళు. ఇప్పుడు ఆ పిలుపుకు పలికే మనిషి లేదు. పలికినన్నాళ్ళూ మాత్రం "ఆఁ, వస్తున్నా" అని సగం విసుగు, సగం నవ్వు కలిపి ఒకే తీరుగా పలికేది. డాక్టరు పిలిచినా అంతే, ఊడ్చే మనిషి పిలిచినా అంతే.

రికార్డు గది భవనం వెనక, ఎక్స్‌రే గది దాటాక ఉండేది. కిటికీ ఒక్కటే. దానికి ఎదురుగా గోడ పొడవునా ఇనప అరలు. అవన్నీ కీళ్ళ విభాగానివి. కొత్తగా చేరిన నర్సులకు ఆమె మొదట చెప్పే మాట ఒకటుండేది. "బోర్డు మీద కీళ్ళు అని రాశారు గానీ నమ్మకండి. ఇక్కడికొచ్చే వాళ్ళలో సగం మందికి బాధ ఇంకెక్కడో ఉంటుంది."

అది నిజం. ఒకరికి చర్మం బిగుసుకుపోయి పిడికిలి మూయడం రాదు. ఒకరికి కళ్ళూ నోరూ ఎండిపోతాయి. ఒకరు తొడల్లో బలం లేక కుర్చీలోంచి లేవలేరు. రోగాల్ని తరమాల్సిన ఒంటి శక్తి దారి తప్పి, సొంత ఒంటినే కొట్టడం మొదలుపెడితే వచ్చే జబ్బులివి. మూలం ఒకలాంటిదే అయినా, దెబ్బ ఎక్కడెక్కడ పడింది, రక్త పరీక్షలో ఏది బయటపడింది అన్నదాన్ని బట్టి పేర్లు మారిపోతాయి.

పేరుకో రంగు. ఫైలు వీపు మీద ఆ రంగు పట్టీ అంటిస్తారు. కీళ్ళ వాతానికి నీలం. ఒంట్లో ఏ భాగాన్నైనా పట్టే లూపస్‌కు ఎరుపు. చర్మం బిగిసే స్క్లెరోడెర్మాకు పసుపు. కండరాల వాపుకు ఆకుపచ్చ. రక్తనాళాల వాపు ఒక్కటే మూడు అరలు ఆక్రమించేది, పెద్ద నాళాలు, మధ్యరకం, సన్నవి అని. రెండు జబ్బులూ ఒక్క మనిషినే పట్టుకున్నప్పుడు రెండు పట్టీలు. వాటిని అటెండరు "రెండిళ్ళ పూజారులు" అనేవాడు. అతనికి ముప్పైల్లోనే తల నెరిసిపోవడంతో ఆసుపత్రి అంతా అతన్ని తాతగారూ అనే పిలిచేది.

కిటికీ పక్కన, కింది అర తెల్ల పట్టీలది. జబ్బు ఉంది, ఏ జబ్బో ఇంకా తేలలేదు అన్నవాళ్ళు అందులో ఉంటారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతారు. కొందరు నయమై రావడం మానేస్తారు. కొందరు మాత్రం ఓ రోజు పై అరలకు వెళతారు.

ఆ వెళ్ళడానికి ఒక పద్ధతుంది. విభాగం మొదలుపెట్టిన పెద్ద డాక్టరు పరిశోధన కోసమని ప్రతి ఫైలు అట్ట లోపల ఒక అచ్చు కాగితం అంటింపించాడు. డాక్టర్లు చూసినప్పుడల్లా అందులో టిక్కులు పెడతారు. క్లినిక్ అయ్యాక పాయింట్లు కూడడం రికార్డక్క పని. లూపస్ కాగితంలో ముందు ఏఎన్ఏ అనే రక్త పరీక్ష దాటాలి. అది లేకపోతే ఇక లెక్కే లేదు. దాటితే, కీళ్ళ వాపుకు ఆరు. జ్వరానికి రెండు. నోటి పుండ్లకు రెండు, జుట్టు రాలితే రెండు, కానీ అవి రెండూ ఒకే గుంపువి కాబట్టి ఒకటే లెక్కలోకి వస్తుంది. మూత్రంలో ప్రోటీన్ హద్దు దాటి పోతుంటే నాలుగు. అన్నీ ఒకేసారి ఉండనక్కర్లేదు, ఎప్పుడో ఒకసారి వచ్చి పోయినా చాలు. మొత్తం పది అయిన రోజున ఆమె తెల్ల పట్టీ ఊడదీసి ఎర్రది అంటించేది.

పంతొమ్మిదేళ్ళు ఆ పని చేసింది. ఏ లెక్కా తప్పలేదు. తప్పలేదన్న ధీమా కూడా ఆమెకు ఉండేది.

ఆమె మనసులో ముల్లులా ఉండిపోయిన మనిషి ఒకతె ఉంది. చెప్పుల షాపులో పనిచేసే అమ్మాయి. ఏడాదిన్నర పాటు తెల్ల పట్టీలోనే, ఎనిమిది పాయింట్ల దగ్గరే నిలబడింది. వచ్చినప్పుడల్లా రికార్డు గది గుమ్మంలో తల పెట్టి, "అక్కా, నేనింకా తెల్లగానే ఉన్నానా?" అనేది.

"నీ మొహానికి తెలుపొకటి. ముందు ఎండలోంచి లోపలికి రా" అనేది రికార్డక్క.

ఒక రోజు సాయంత్రం ఆ ఫైలు లెక్క పన్నెండు తేలింది. రికార్డక్క ఇంకోసారి కూడింది. పన్నెండే. పట్టీ మార్చింది. పద్నాలుగు నెలల తర్వాత ఆ ఫైలు ఎర్ర అరలో కూడా లేదు. మూసేసిన ఫైళ్ళ గదికి పంపమని కాగితం వచ్చింది. కారణం అన్న చోట పోయిన తేదీ ఒక్కటే ఉంది.

దాని గురించి ఆమె ఎవరి దగ్గరా పెద్దగా మాట్లాడలేదు. కానీ అప్పటినుంచి ఎర్ర పట్టీ అంటించాల్సిన ఫైలు వస్తే రోజంతా బల్ల చివర పక్కన పెట్టి, ఇంటికి బయల్దేరే ముందు మొహం పక్కకు తిప్పుకొని అంటించేది. "ఏంటక్కా, కరుస్తుందా?" అని తాతగారు ఏడిపించేవాడు. ఆమె నవ్వేది కాదు.

తర్వాత రెండేళ్ళకు, ఒక చలికాలం పొద్దున్నే, పట్టీ చుట్ట కొస గోటితో లేపబోతే ఆమెకు చేతకాలేదు. వేళ్ళు ఎవరివో అన్నట్టు బిరుసుగా నిలబడ్డాయి. చలి అనుకుంది. గంట తర్వాత మామూలయ్యాయి. మర్నాడూ అంతే. మూడో వారానికి మణికట్లు వాచాయి. నోట్లో పుండ్లు వచ్చాయి, నొప్పి లేని పుండ్లు. నొప్పి లేకపోవడమే ఆమెను భయపెట్టింది. ఆ కాగితంలో ఉన్నది అలాంటి పుండ్ల సంగతేనని ఆమెకు తెలుసు.

డాక్టరమ్మ చూసింది. పెద్ద డాక్టరు రిటైరయ్యాక విభాగం ఆమె చేతికి వచ్చింది. మాట తక్కువ మనిషి. ఏఎన్ఏ ఉందని వచ్చింది. మిగతా రక్త పరీక్షలు అటూ ఇటూ కాకుండా ఉన్నాయి.

"పేరు పెట్టడానికి తొందరేం లేదు. మాత్రలు మాత్రం ఇవ్వాళ్టి నుంచే వేసుకో" అంది డాక్టరమ్మ. ఆ తర్వాత కలం మూసి, ఆమె మొహంలోకి చూసింది. "ఇంకో మాట. నీకు ఆ కాగితం కంఠతా వచ్చు కదా అని పాయింట్లు లెక్కేసుకుంటూ కూర్చోకు. అవి పరిశోధన కోసం పెట్టుకున్నవి. ఒకే రకం మనుషుల్ని ఒకచోట చేర్చి చూడటానికి. నేను వైద్యం చేసేది మనిషిని చూసి."

"సరే మేడమ్" అంది రికార్డక్క.

గుమ్మం దాటేలోపే లెక్కేసుకుంది. కీళ్ళు ఆరు, నోరు రెండు. ఎనిమిది.

తన ఫైలుకు తనే తెల్ల పట్టీ అంటించుకొని కింది అరలో పెట్టుకుంది. తాతగారు చూసి, ఏమనాలో తోచక, "మంచి చోటే దొరికిందక్కా నీకు, కిటికీ పక్కన" అన్నాడు. ఆమె నవ్వింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో భర్తకు కీళ్ళ నొప్పులని చెప్పింది. ఆయన కళ్ళద్దాల షాపులో, వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేసేవాడు. చేతిలో ఉన్నది ఎంత చిన్నదైనా కంటికి ఆనించి చూసే మనిషి. పెళ్ళాన్ని మాత్రం ఆమె చెప్పినంత మేరే చూసేవాడు, అంత నమ్మకం. పొద్దున్నే ఆమె వేళ్ళు పట్టుకొని ఒక్కొక్కటీ మెల్లగా వంచేవాడు. "నీ చేతులకు నూనె వేయాలే" అనేవాడు.

"ముందు మీ నోటికి వేయండి, పొద్దున్నే కిర్రుమంటోంది" అనేది.

ఎనిమిది నెలలు అలా గడిచింది. మాత్రలతో వాపు తగ్గింది. రెండు నెలలకోసారి రక్తం, మూత్రం ఇచ్చేది. ల్యాబు చీటీలన్నీ పొద్దున్నే కట్టగా రికార్డు గదికే వస్తాయి. వాటిని ఫైళ్ళలో అంటించేది ఆమే. కాబట్టి తన చీటీని డాక్టరు కన్నా ముందు ఆమే చూసేది.

నాలుగో చీటీలో మూత్రంలో ప్రోటీన్ హద్దు దాటింది.

ఆమె దాన్ని చేతిలో పట్టుకొని కాసేపు నిలబడింది. ఎనిమిదీ నాలుగూ ఎంతో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక నియమం ఉంటుంది. ఆ లక్షణానికి ఇంకేదైనా కారణం కనిపిస్తుంటే పాయింటు వేయకూడదని. అంతకు ముందు వారం ఆమెకు జలుబుతో జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం వల్లే అయ్యుంటుంది, అనుకుంది. పాయింటు వేసినా వేయకపోయినా అంటించాల్సిన చీటీ అది. ఆమె దాన్ని సొరుగులో, పట్టీల డబ్బా కింద పెట్టింది.

ఆ రోజు డాక్టరమ్మ ఫైలు తిరగేసి అడిగింది. "యూరిన్ రిపోర్టేదీ?"

"ల్యాబు వాళ్ళు ఇంకా పంపలేదు మేడమ్."

"మొన్ననే ఇచ్చావుగా."

"వాళ్ళ సంగతి మీకు తెలీనిదా."

డాక్టరమ్మకు తెలుసు. వారానికి రెండుసార్లు ల్యాబు వాళ్ళతో ఆమెకు గొడవే. "వచ్చాక చూపించు" అని పక్కకు పెట్టింది. ఇంకా నలభై మంది బయట బెంచీల మీద ఉన్నారు.

తర్వాతి చీటీకి జ్వరం సాకు దొరకలేదు. అంకె పెరిగింది. అది కూడా డబ్బా కిందికే వెళ్ళింది. ఈసారి డాక్టరమ్మ అడగబోయే లోపే, పాత చీటీ, హద్దులోనే ఉన్నది, పైకి కనిపించేలా పెట్టింది. తారీఖు మీద అతుకు కాగితం పడేలా అంటించింది. అలా అంటించడం ఆమెకు తప్ప ఇంకెవరికీ చేతకాదు. అలా చేస్తుందని అనుమానించడానికీ ఎవరికీ మనసు రాదు.

మనిషి చెడ్డది కాదు, తెలివితక్కువదీ కాదు. పై అరకు వెళ్ళిన ఫైలు లావెక్కడం, లావెక్కిన ఫైలు మూతబడటం ఆమె పంతొమ్మిదేళ్ళుగా చూసింది. పట్టీ మారాకే అన్నీ జరుగుతాయని చేతులకు అలవాటై, అక్కణ్ణించి మనసుకూ పాకింది. పదిలోపు ఉన్నంతకాలం తను బయటే ఉన్నట్టు. డాక్టరమ్మ ఒక్క పూట చెప్పిన మాట ఆ గోడ పొడవు అరల ముందు ఎంతని నిలబడుతుంది?

పొద్దున్న మొహం కడుక్కుంటుంటే కూతురు చూసి, "అమ్మా, కళ్ళ కింద దిండ్లు పెట్టుకున్నావేంటి?" అంది. ఎనిమిదో తరగతి పిల్ల, నోటికి అడ్డు లేదు.

"నీ గోలకు నిద్రెక్కడిది" అంది తల్లి.

మూత్రంలో నురగ కనిపించడం మొదలైంది. ఆమె నీళ్ళు కొట్టేసి, చూడలేదనుకునేది. మూడో చీటీ కూడా డబ్బా కిందికే వెళ్ళింది. సాయంత్రానికి చెప్పుల పట్టీలు పాదాల్లో అచ్చులా దిగేవి. వాటిని విప్పి బల్ల కింద వట్టి కాళ్ళతో కూర్చునేది. తాతగారు ఒక రోజు ఫైళ్ళ బండి తోసుకుంటూ వచ్చి, కిందికి చూసి ఆగాడు.

"అక్కా, కాళ్ళేంటి అలా ఉన్నాయి?"

"ఇనప కుర్చీలో పొద్దంతా కూర్చుంటే నీకూ వస్తాయి."

"నేను కూర్చుంటే కదా" అన్నాడు. కానీ కదల్లేదు. "ల్యాబులో నీ రిపోర్టు గురించి అడిగానక్కా. మేడమ్ అడగమన్నారు. ఎప్పుడో ఇచ్చేశామంటున్నారు. రిజిస్టరులో సంతకం నీదేనంట."

"అయితే నేను దొంగనా? అదే అనదలుచుకుంటే సూటిగా అను."

అతను బండి అక్కడే వదిలేసి బయటికి వెళ్ళాడు. సరదాకైనా ఒక్క మాట తగిలించకుండా అతను ఆ గదిలోంచి వెళ్ళడం ఆమె ఎరగదు.

పావుగంటకు డాక్టరమ్మ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె రికార్డు గదికి రావడం అదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉంది. ల్యాబుకు ఫోన్ చేసి, మూడు రిపోర్టుల అంకెలూ అరచేతిలో కలంతో రాసుకొచ్చింది. మూడోది పది రోజుల కిందటిది.

"ఏవీ, చూపించు."

రికార్డక్క సొరుగు తీసింది. డబ్బా పక్కకు జరిపింది. మూడు చీటీలు బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ వాటిని తేదీల వరసలో సర్దింది. అరచేతిలోని అంకెలతో ఒక్కొక్కటీ పోల్చి చూసింది. అరిచి ఉంటే బాగుండునని రికార్డక్కకు అనిపించింది.

"ఎందుకు?"

"ఎనిమిది దాటకూడదనుకున్నాను మేడమ్."

"దాటితే?"

"చెప్పుల షాపు పిల్లను నేనే మార్చాను. నా చేత్తో. పద్నాలుగు నెలలు కూడా లేదు."

డాక్టరమ్మ అరల వైపు ఒకసారి చూసింది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. ఆ గోడను ఆమె ఇలా ఎదురుగా నిలబడి చూసి ఉండదు.

"ఆ పిల్ల ఫైలు మూసేసిన ఫైళ్ళ గదిలో ఉంటుంది. తెప్పించి చూడు. నువ్వు పట్టీ మార్చడానికి మూడు నెలల ముందే ఆమెకు గట్టి మందు మొదలుపెట్టాను. అప్పటికి నీ లెక్కలో ఆమెది ఎనిమిదే. నాకు ఆ ఎనిమిదితో పని లేదు, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది, మొదలుపెట్టాను. కోలుకుంది. కోలుకున్నానని తనే మానేసింది. ఆరు నెలలు రాలేదు. తేదీలన్నీ అందులోనే ఉన్నాయి, నువ్వు అంటించిన కాగితాల్లోనే."

రికార్డక్క ఆ కాగితాలన్నీ అంటించింది. అంకెలు కూడింది. తేదీలు ఎప్పుడూ చదవలేదు.

"నీకు ఏ పట్టీ చూసి మాత్రలిచ్చాను?" అంది డాక్టరమ్మ. "నువ్వు జన్మంతా తెల్ల పట్టీలో ఉండు, నాకేం అభ్యంతరం లేదు. ఈ మొదటి చీటీ చూపించి ఉంటే ఆ రోజే మందు మార్చేదాన్ని. అయిదు నెలలు కావస్తోంది."

"ఇప్పుడు ఇవ్వండి మేడమ్."

"ఇస్తాను. ఇవ్వాళే ఇస్తాను. ముందు కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలి, లోపల ఎంత మిగిలిందో."

ఎంత మిగిలిందో. ఆ మాట గదిలో ఆగిపోయింది. డాక్టరమ్మ చీటీలు తీసుకొని వెళ్ళిపోయింది.

ముక్క తీసిన రెండు రోజులూ కూతురి స్కూల్లో వైద్య శిబిరం, తను సాయం వెళ్ళాలి అని ఇంట్లో అబద్ధం చెప్పింది. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోవాలి కాబట్టి, శిబిరం పని ఎక్కువగా ఉంది, రాత్రికి అక్కడే ఉండిపోతానని కూడా చెప్పింది. కూతురు శిబిరం సంగతి విని వింతగా చూసింది గానీ, తండ్రి దగ్గర నోరు విప్పలేదు.

ఫలితం తొమ్మిదో రోజున వచ్చింది. మామూలుగా చీటీల కట్టలోనే వచ్చింది. తాతగారు దాన్ని విడిగా పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్ దగ్గరికే నేరుగా తీసుకుపోనా అక్కా?"

"ఇటివ్వు."

"మేడమ్ చదివి చెబుతారు కదా."

"ఇవ్వు తమ్ముడూ" అంది. ఎప్పుడూ అతన్ని ఆమె తమ్ముడూ అని పిలవలేదు. అతను ఇచ్చేశాడు.

రెండు పేజీలు. అలవాటు ప్రకారం ఆమె చేయి పెన్సిల్ కోసం వెళ్ళింది. కిడ్నీ వాపు నాలుగో తరగతి అని ఉంది. కాగితం ప్రకారం దానికి పది పాయింట్లు, ఇంకేదీ కలపనక్కర్లేకుండానే. పెన్సిల్ కింద పెట్టేసి, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. తెలియని మాటలను మళ్ళీ మళ్ళీ చదివింది. వాపు గురించి ఉంది. వాపు మందుకు తగ్గుతుందని ఆమెకు తెలుసు. రెండో పేజీలో మచ్చ గురించి ఉంది. తీసిన ముక్కలో సగానికి పైగా మచ్చ కట్టిందని ఉంది. మచ్చకు మందు లేదని కూడా ఆమెకు తెలుసు.

డాక్టరమ్మ గదికి వెళ్ళి ఫైలు ఇచ్చి, మందులు రాయించుకుంది. "మిగిలినదాన్ని కాపాడుకుందాం" అంది డాక్టరమ్మ. "ఇంట్లో వాళ్ళను రేపు తీసుకురా. నేను మాట్లాడతాను."

"వద్దు మేడమ్. నేనే చెబుతాను."

పదకొండు గంటలకే సెలవు పెట్టి కళ్ళద్దాల షాపుకు నడిచింది. ఎండ ఉంది, గొడుగు వేసుకుంది. ముందు కౌంటరులో యజమాని ఎవరికో ఫ్రేములు చూపిస్తున్నాడు. వెనక గదిలో సాన చక్రం తిరుగుతున్న చప్పుడు, దాని మీద నీళ్ళు కారుతున్న చప్పుడు. భర్త తల ఎత్తాడు. ఆమె ఎప్పుడూ ఆ వేళకు అక్కడికి రాదు.

"ఏమైంది? పాపకా?"

"పాపకు కాదు. నాకే."

ఆమె నిలబడే చెప్పింది. కీళ్ళ నొప్పులు కావని. కిడ్నీ దాకా వెళ్ళిందని. సగం పోయిందని. రెండు రోజులు వెళ్ళింది స్కూలుకు కాదని. ఆయన వింటూ చేతిలో అద్దం చక్రానికి ఆనించి అలాగే పట్టుకున్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది.

"ఇంత ఎలా అయింది? రెండు నెలలకోసారి పరీక్షలు చేస్తున్నారు కదా. వాళ్ళు చూసుకోలేదా?"

వాళ్ళదే తప్పు అనేయొచ్చు. ఆమె చెప్పగా విని విని ల్యాబు వాళ్ళంటే ఆయనకు ముందే కోపం. నమ్మేవాడు, అటు వెళ్ళి గొడవ కూడా పెట్టుకునేవాడు.

"నేనే చూపించలేదు. చీటీలు దాచేశాను."

"ఎన్నాళ్ళు?"

"అయిదు నెలలు."

ఆయన చక్రం ఆపాడు. ఆగేదాకా దాన్నే చూశాడు. చేతిలో అద్దం అంచు ఒక పక్క పూర్తిగా అరిగిపోయింది. ఇక ఏ ఫ్రేములోనూ పట్టదు.

"నా దగ్గర కూడానా?"

"మీకు చెబితే మీరు డాక్టరమ్మకు చెప్పేస్తారని."

"చెప్పేవాణ్ణే" అన్నాడు.

ముందు గదిలోంచి యజమాని, ఆ అద్దాలు అయ్యాయా అని కేకేశాడు. ఆయన వినలేదు. తడి చేతులు చొక్కాకు తుడుచుకొని, ఆమెకు స్టూలు జరిపి, కూర్చోబెట్టి, వాచిన పాదాల నుంచి చెప్పులు విప్పాడు. ఆ పని చేస్తూ, ఆమె వైపు చూడకుండా, మళ్ళీ అన్నాడు, "చెప్పేవాణ్ణే."